కొరికి వదిలిన రొట్టె

పొద్దున్నే పొయ్యి రాజెయ్యడం జూరా పని. ఇంజిను కింద నిప్పుల పళ్ళెం పెట్టడం షెర్గాజీ పని. మంచుకాలంలో బస్సులో కాపురం పెట్టినవాళ్ళకి ఈ రెండు పనులూ అయ్యాకే తెల్లారినట్టు లెక్క. ఆవిడ ఇనప పొయ్యిలో ఎండుపిడకలు పేర్చి, పైన నాలుగు బొగ్గులు వేసి, కెటిల్ ఎక్కించి, రాత్రికి రాత్రి గడ్డకట్టిన పాలని చాకుతో చెక్కి కప్పుల్లో వేసేది. ఆయన బస్సు కింద వెల్లకిలా పడుకుని చమురు కరిగేదాకా చలినీ, చమురునీ, ఆ చమురు అమ్మినవాణ్ణీ వరసపెట్టి తిట్టి పైకొచ్చేవాడు. అప్పుడు ఇద్దరూ మంచం మీద కూచునేవాళ్ళు. ఆయన చొక్కా విప్పి వీపు తిప్పేవాడు. ఆవిడ గొర్రెతోక కొవ్వు కరిగించి ఆయన భుజాలకి మర్దనా చేసేది.

"కొంచెం పైన," అన్నాడు ఆ రోజు కూడా.

"పైన ఏముంది, ఎముకేగా," అంది జూరా. చేతులు మర్దనా చేస్తున్నాయి గానీ మనసు మర్దనా మీద లేదు. ఈ భుజాలు ఇలా వాయడానికి కారణం ఎవరో, ఆ మహాతల్లి ఏ కొండల్లో కూచుని ఉందో అని ఆలోచిస్తోంది.

ఆ బస్సుని షెర్గాజీ ఇరవయ్యేళ్ళు తోక్మోక్ రూటులో నడిపాడు. మూడేళ్ళ కిందట దాన్ని తుక్కుకి పంపుతుంటే మనసొప్పక తనే కొనుక్కున్నాడు. సీట్లు పీకి మంచం, ఓ చిన్న బీరువా బిగించాడు, కప్పుకి కన్నం పెట్టి పొగగొట్టం తీశాడు, అడుగున జూరా పుట్టింటి కంబళ్ళు పరిచాడు. ముందు రెండు సీట్లు మాత్రం ఉంచాడు, ఒకటి తనకి, ఒకటి ఆవిడకి. ఊరంతా వచ్చి చూసి మెచ్చుకుంది. అంతా బాగానే ఉంది. ఒక్కటే తేడా, బస్సు తిన్నగా పోదు. పడమటికి పోతుంటే ఎడమకి లాగుతుంది, తూర్పుకి తిరిగొస్తుంటే కుడికి లాగుతుంది. ఎటు పోయినా దక్షిణాన ఉన్న కొండల వైపే.

ఇందులో ఎవరికీ వింతేమీ లేదు. ఇంటినుంచి దూరం బయల్దేరేవాడు గడప దగ్గర రొట్టె కొరికి, ఫలానా రోజుకి వస్తానని చెప్పి పోతాడు. మిగతా రొట్టెని ఆ ఇంటివాళ్ళు గుడ్డసంచిలో పెట్టి మేకుకి తగిలిస్తారు. వాడు తిరిగొచ్చి తినాలి. చెప్పిన గడువు దాటినా రాకపోతే రొట్టె లాగడం మొదలెడుతుంది. మనిషినైతే అంతగా లాగదు, ఏదో దిగులుగా ఉందనుకుని మనిషి సర్దుకుంటాడు. బండి అలా సర్దుకోలేదు. అయితే రూటు బస్సులో ముప్పై మంది రొట్టెలు ముప్పై వైపులా లాగుతాయి కాబట్టి అది తిన్నగానే పోతుంది. ఇద్దరే ఉన్న బస్సులో దొంగ దొరికిపోతాడు.

దొంగ ఎవరో జూరాకి అనుమానమే లేదు. పెళ్ళయి వచ్చే నెలకి ముప్పై రెండేళ్ళు. ఆవిడ కొరికిన రొట్టెలన్నీ వెనక్కొచ్చి తినేసింది, పుట్టింట్లోదీ, అక్కయ్య ఇంట్లోదీ, కూతురు బెగాయిం ఇంట్లోదీ, వేళ్ళ మీద లెక్క చెప్పగలదు. ఇక మిగిలింది ఆయనే. ఆ కొండల్లో ఏదో ఇంట్లో, ఏదో మేకుకి, మొగుడి పళ్ళగాట్లున్న రొట్టె వేలాడుతోంది. రొట్టెని మగవాళ్ళు తగిలించరు.

అడిగి చూడలేదా అంటే, చూసింది. బస్సు లాగుతోందన్న మాట ఎత్తితే చాలు, మొహం అద్దం వైపు తిప్పేస్తాడు. పైగా వారానికోసారి బొగ్గు తెస్తానని ఒక్కడే బస్సు తీసుకుపోతాడు. పోయేటప్పుడు మామూలు మొహం. వచ్చేటప్పుడు ఈలలు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, బొగ్గుమసి కొట్టుకుని, ఈల వేసుకుంటూ బస్సు దిగుతాడు. ఆ రోజు భుజం కూడా నొప్పెట్టదు. బొగ్గు కొట్లో అంత సంతోషం ఏముంటుందో మీరే చెప్పండి.

అందుకే ఈ ప్రయాణం. మోకాళ్ళ నొప్పులకి జలాలాబాద్ వేడినీళ్ళ ఊటల్లో స్నానాలు చెయ్యాలంది. నిజమే, మోకాళ్ళు నొప్పే. కానీ జలాలాబాద్‌లో అక్కయ్య ఉంది, అక్కయ్య ఇంట్లో ఒక ఖాళీ గది ఉంది. దారిలో కొండలు దాటాలి, దాటేటప్పుడు ఆ రొట్టె ఏ ఇంట్లో ఉందో బయటపడుతుంది. బయటపడితే ఆవిడ ఇక వెనక్కి రాదు. ఆ ఇంటి వాకిట్లో నిలబడి కొట్లాడే ఓపిక కూడా లేదు. మౌనంగా చూసి, అక్కయ్య దగ్గర దిగిపోతుంది. మంచం కింద సంచీ సర్దేసుకుంది. తోక్మోక్‌లో బయల్దేరేటప్పుడు బెగాయిం రొట్టె పట్టుకుని వచ్చింది. షెర్గాజీ ఇంత ముక్క కొరికి, "పదిహేను రోజుల్లో వస్తాం," అన్నాడు. జూరా రొట్టెకి పెదాలు ఆనించి వదిలేసింది. కొరకలేదు. కూతురు చూడలేదనే అనుకుంది.

బయల్దేరిన మూడో రోజుకి కొండదారి మొదట్లో ఉన్న సొస్నోవ్కా చేరారు. కనుమ ఎక్కేముందు చక్రాలకి గొలుసులు వేయించాలి. టైర్ల కొట్టు రిస్బెక్ గొలుసులు బిగించి, బస్సుని ఒక చుట్టు తిప్పి తెచ్చి, తలుపులో నిలబడి చేతులు తుడుచుకున్నాడు. తిప్పేటప్పుడు జూరా టీ చల్లారిపోతుందని దిగకుండా లోపలే కూచుంది.

"బైకే," అన్నాడు, షెర్గాజీని పెద్దన్నా అని పిలుస్తూ. "దీనికి లాగుడు ఉంది."

"తెలుసు," అన్నాడు షెర్గాజీ.

"చక్రాలు బాగానే ఉన్నాయి. రొట్టె ఇది. బోల్టులన్నిటికీ నా దగ్గర పానాలున్నాయి గానీ రొట్టెకి లేదు." రిస్బెక్ ఇద్దరి వంకా మార్చి మార్చి చూశాడు. "మీ ఇద్దరిలో ఎవరిదో?"

షెర్గాజీ అద్దం తుడవడం మొదలెట్టాడు. శుభ్రంగా ఉన్న అద్దమే.

"నాది కాదు తమ్ముడూ," అంది జూరా. "నావన్నీ తినేశాను. ఈ ముసలాయన్నే అడుగు. పెళ్ళాం అడిగితే చెవుడొస్తుంది, నువ్వడిగితే వినిపిస్తుందేమో."

"నేనెందుకక్కా మధ్యలో," అని నవ్వాడు రిస్బెక్. "కానీ బైకే, కనుమ మీద జాగ్రత్త. ఎండినకొద్దీ, దగ్గరకొచ్చినకొద్దీ గట్టిగా లాగుతాయి ఇవి. చేతులు జారాయంటే లోయలో తేలతారు."

"చేతులు జారవు," అన్నాడు షెర్గాజీ.

తోయో-అషూ కనుమ ఎక్కుతున్నంతసేపూ మలుపు మలుపుకీ బస్సు ఎడమకి ఒరుగుతోంది, ఆయన పళ్ళు బిగించి కుడికి లాక్కొస్తున్నాడు. జూరా ఆయన చేతులే చూస్తోంది. అంత గట్టిగా లాక్కుంటున్నాడంటే ఆ ఇల్లు నా కంట పడకూడదని ఎంత భయమో అనుకుంది. ఆ భయం మీద ఆవిడకి అసూయ పుట్టింది. ముప్పై రెండేళ్ళలో తన గురించి ఈ మనిషి ఒక్కనాడైనా ఇంతలా భయపడ్డాడా?

సొరంగం దాటి అవతలికి దిగేసరికి సూసామీర్ లోయ అంతా తెల్లగా పరుచుకుని ఉంది. కంచెలు మునిగిపోయాయి. కరెంటు స్తంభాలు నడుముదాకా మంచులో ఉన్నాయి. రోడ్డుకి రెండు పక్కలా మంచు గోడలు కట్టినట్టుంది. లోయ అడుగున దారి రెండుగా చీలుతుంది. కుడికి పోతే అలాబెల్ కనుమ, అది దాటితే జలాలాబాద్ దారి. ఎడమకి పోతే సూసామీర్ ఊళ్ళు. చీలిక దగ్గర నారింజరంగు కోటు వేసుకున్న రోడ్డు కూలీ ఒకడు పార అడ్డం పెట్టి ఆపాడు.

"అలాబెల్ మూసేశారు బైకే. మంచు జారింది. రేపు పొద్దున్నకి తీస్తారు. ఇక్కడే ఆగండి, మీకేం, ఇల్లు మీతోనే ఉంది."

షెర్గాజీ బస్సు పక్కకి తీసి ఆపబోయాడు. బస్సు పక్కకి రాలేదు. ముందు చక్రాలు ఎడమ దారికి తిరిగి, కట్టేసిన గుర్రంలా ముందుకీ వెనక్కీ ఊగుతున్నాయి. ఆయన స్టీరింగ్‌ని కుడికి తిప్పి బలంగా పట్టుకున్నాడు.

"చేతులు తీసెయ్," అంది జూరా.

"ఏంటి?"

"చేతులు తీసెయ్ అంటున్నా. ఆవిడ ఎక్కడుందో బస్సే చూపిస్తుంది. రేపటిదాకా ఖాళీయేగా. చూసొద్దాం."

"ఎవరావిడ?"

"ఆ పేరు నువ్వే చెప్పాలి. నాకు తెలిస్తే మూడేళ్ళు నీ భుజాలు పిసికేదాన్నా?"

షెర్గాజీ మొదటిసారి మొహం తిప్పుకోకుండా ఆవిడ వంక చూశాడు. ఆ చూపులో తప్పు చేసినవాడి బెదురు లేదు. చాలాకాలంగా ఏదో మింగి అది కిందకి దిగని మనిషిలా ఉన్నాడు.

"నేనొక్కణ్ణే బొగ్గుకి పోయినప్పుడు ఈ బస్సు ఎలా పోతుందో నీకు తెలుసా?" అన్నాడు.

"నాకెలా తెలుస్తుంది? నేనుండనుగా."

"అదే. నువ్వుండవు. తిన్నగా పోతుంది జూరా. దారం పట్టి గీసినట్టు పోతుంది. ఒక్క వేలుతో నడుపుతాను. ఈల వేసుకుంటాను."

ఆవిడకి అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. అర్థమైనాక నవ్వొచ్చింది, ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. మూడేళ్ళుగా తను ఈ బస్సులో లేనప్పుడు బస్సుని చూడలేదు. ఎలా చూస్తుంది? దొంగని పట్టుకుంటానని కాపు కాసి, తన నీడనే చూస్తూ కూచుంది.

"అబద్ధం," అంది.

"సరే, అబద్ధమే. దిగి ఆ కూలీ పక్కన నిలబడు. నేను ఒక చుట్టు తిప్పి చూపిస్తాను."

దిగింది. నారింజ కోటువాడు ఆవిడకి పక్కన చోటిచ్చి సిగరెట్ వెలిగించాడు. బస్సు వెనక్కి వెళ్ళి, తిరిగి, ఎటూ ఒరగకుండా బుద్ధిగా వచ్చి ఆవిడ ముందు ఆగింది. షెర్గాజీ రెండు చేతులూ పైకెత్తి చూపించాడు.

"రొట్టె మీదే అన్నమాట అక్కా," అన్నాడు కూలీ, వాతావరణం సంగతి చెబుతున్నట్టు.

జూరా ఎక్కి కూచుంది. ఎక్కగానే చక్రాలు ఎడమకి తిరిగాయి.

"ఎవడని అడగవా?" అంది చివరికి.

"మూడేళ్ళుగా అడగలేదు. ఇప్పుడేం కొత్తగా?" అని ఆయన చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. బస్సు మెల్లగా ఎడమ దారి పట్టింది. ఆయన కాళ్ళతో యాక్సిలరేటరూ బ్రేకూ మాత్రం చూసుకున్నాడు. మంచుగోడల మధ్య, మలుపు వచ్చినచోట మలుపు తీసుకుంటూ, ఎదురుగా గొర్రెల మంద వస్తే పక్కకి తప్పుకుంటూ దానంతటదే పోతోంది. ఇద్దరూ చుట్టంచూపుగా వచ్చినవాళ్ళలా కూచున్నారు. జూరా పాతకాలపు ఇళ్ళన్నీ మనసులో తిరగేస్తోంది. ఎక్కడా మేకు కనిపించడం లేదు. ఏ మగాడి మొహమూ గుర్తురావడం లేదు. గుర్తురాకపోవడం ఆవిడకి ఇంకా భయంగా ఉంది. నిజంగా తప్పు చేసుంటే దాన్ని దాచడం ఎలాగో తెలిసేది, ఇక్కడ ఏం దాచాలో కూడా తెలియడం లేదు.

గంట తర్వాత బస్సు పెద్దదారి వదిలి, ఒక చిన్న ఊళ్ళోకి దిగి, నీలం తలుపుల ఇంటి ముందు ఆగింది. ఇంజిను కూడా అదే ఆగిపోయింది. వాకిట్లో మంచు ఊడ్చే ట్రాక్టరు ఉంది. దాని పక్కన పారతో దారి చేస్తున్న కుర్రాడు, కుర్రాడంటే పెళ్ళీడు దాటిన మనిషే, తలెత్తి చూశాడు. బస్సునీ, దిగుతున్న జూరానీ చూసి, పార కింద పడేసి ఇంట్లోకి కేకేశాడు.

"నానమ్మా, రొట్టె మనిషి వచ్చింది."

షెర్గాజీ అతని వెడల్పు భుజాలు చూశాడు. మొహం చూశాడు.

"నీకెన్నేళ్ళు బాబూ?" అన్నాడు. పలకరింపు కూడా లేదు, ముందు ఈ ప్రశ్నే.

"ఈ నెలలో ముప్పై రెండు నిండాయి ఆతా," అన్నాడతను, పెద్దవాళ్ళని పిలిచే పిలుపుతో.

షెర్గాజీ మొహంలో రక్తం లేదు. వచ్చే నెలకి తన పెళ్ళికి ముప్పై రెండేళ్ళు. ఇరవయ్యేళ్ళు టైం పట్టిక ప్రకారం బస్సు నడిపిన మనిషికి ఈ లెక్క వెయ్యడానికి వేళ్ళక్కర్లేదు. అటు తిరిగి వెళ్ళి బస్సెక్కుదామా అన్నట్టు ఒక అడుగు వెనక్కి వేశాడు. జూరా ఆ అడుగు చూసింది. ముప్పై రెండేళ్ళలో తన గురించి భయపడ్డాడా అని పొద్దున అనుకుంది. ఇదిగో, ఇప్పుడు చూసింది.

తలుపులోంచి ఒక ముసలావిడ వచ్చింది. తొంభైకి దగ్గర్లో ఉంటుంది, నెత్తిమీద తెల్ల రుమాలు, చేతిలో కర్ర. జూరా ముందు ఆగి, చలికి ఎర్రబడ్డ ఆవిడ బుగ్గ మీద వేలితో తట్టింది.

"పిల్లాడి నలభయ్యో రోజు స్నానానికి వస్తానన్నావు," అంది. "నలభై చెంచాల నీళ్ళు కాచి కూచున్నాను. నీళ్ళు చల్లారాయి. మళ్ళీ కాచాను. ఊరంతా తిరిగి నలభై గుడ్డముక్కలు అడుక్కొచ్చి చొక్కా కుట్టాను. నువ్వు వచ్చి పిల్లాడికి తొడగాలి. పిల్లాడు ఇదిగో, గడ్డం కూడా వచ్చేసింది."

అప్పుడు గుర్తొచ్చింది. ఊల్కాన్ ఆపా, ఈ ఇంటి పెద్దావిడ. నర్సు చదువు రెండో ఏడు, టీకాలు వెయ్యమని ఈ ఊరు పంపారు, మంచు పడి దారి మూసుకుపోయింది, నెల రోజులు ఈ ఇంట్లో ఉంది. ఈ ఇంటి కోడలికి నొప్పులు వచ్చాయి. డాక్టరు రాలేడు. అప్పటిదాకా పురుడు పుస్తకంలో తప్ప చూడని ఇరవయ్యేళ్ళ పిల్ల, చేతులు వణుకుతుంటే ఈ ముసలావిడ, అప్పుడింకా ముసలావిడ కాదు, ఆ చేతుల్ని తన చేతుల్లో పెట్టుకుని వేడిచేసి, "ఇప్పుడు చెయ్యి," అంది. చేసింది. బొడ్డు తనే కోసింది. పది రోజులకి పాల లారీ వచ్చి హారన్ కొడుతోంది, ఇవాళ పోకపోతే మళ్ళీ వారానికి గానీ లేదు. ఊల్కాన్ ఆపా రొట్టె పట్టుకుని లారీ వెంట పరిగెత్తింది. కిటికీలోంచి వంగి కొరికింది. వస్తాను ఆపా, నలభయ్యో రోజుకి. ఇల్లు చేరిన నాలుగో రోజున షెర్గాజీ వాళ్ళమ్మ పిల్లని ఖాయం చేసుకునే చెవిపోగులు పట్టుకొచ్చింది. ఆ పెళ్ళి సందడిలో ఈ ఇల్లు మనసులోంచి తుడిచిపెట్టుకుపోయింది.

జూరాకి ఏడుపు ఆగలేదు. సిగ్గుతో వచ్చిన ఏడుపు అది. ఊల్కాన్ ఆపా ఆవిడ తల తన భుజానికి ఆనించుకుని, ఆ తల మీదుగా షెర్గాజీని చూసింది.

"ఈ చెట్టంత మనిషి ఎవరు, నీ మొగుడా? ఎందుకలా దయ్యాన్ని చూసినట్టు నిలబడ్డాడు?"

"నా మొగుడే ఆపా."

"ఏమయ్యా, నా మనవడి బొడ్డుతల్లిని ముప్పై రెండేళ్ళు ఎక్కడ దాచావు?"

బొడ్డుతల్లి అన్న మాట షెర్గాజీకి నెమ్మదిగా లోపలికి దిగింది. మొహంలోకి రక్తం వచ్చింది. కుర్రాడి దగ్గరకెళ్ళి, రెండు చేతులతో అతని చెయ్యి పట్టుకుని ఊపాడు, ఊపుతూనే ఉన్నాడు.

"నీ పేరేంటి బాబూ?"

"ఎర్నిస్, ఆతా."

"మంచి పేరు. చాలా మంచి పేరు," అన్నాడు. ఆ పేరులో అంత మంచేముందో ఎర్నిస్‌కి అర్థం కాలేదు.

లోపల గుమ్మం పక్కన మేకుకి కుట్టుపూల సంచి వేలాడుతోంది. ఇంట్లోకి వచ్చినప్పుడల్లా తల దానికి తగలకుండా వంగి వెళ్ళే అలవాటు ఆ ఇంటివాళ్ళకి. ఎర్నిస్ వాళ్ళమ్మ పాకలో ఈనుతున్న గొర్రె దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చి, మోచేతుల దాకా తడి ఉండగానే జూరాని వాటేసుకుంది. ఊల్కాన్ ఆపా సంచి విప్పింది. రొట్టె రాయిలా ఉంది. ఒక అంచున చిన్న నెలవంక, ఇరవయ్యేళ్ళ పిల్ల పళ్ళగాట్లు, అన్ని పళ్ళూ ఉన్నప్పటివి. జూరా నాలుకతో తన ఎడమవైపు ఖాళీని తడుముకుంది.

"పాలటీలో నానబెట్టు," అంది ముసలావిడ. "మొత్తం తినాలి. ముక్క కూడా వదలడానికి వీల్లేదు. వదిలితే ఆ ముక్క లాగుతుంది."

తింది. సాయంత్రం దాకా పట్టింది. షెర్గాజీ పక్కనే కూచుని చిన్న సుత్తితో కొట్టి, ముక్కలు చేసి, ఒక్కొక్కటే కప్పులో వేశాడు. నలభై గుడ్డముక్కల చొక్కా కూడా తీశారు. ఎర్నిస్‌కి అది పిడికిట్లో పట్టేంత ఉంది. అయినా ముసలావిడ ఊరుకోలేదు, వాణ్ణి కూచోబెట్టి జూరా చేత నెత్తిమీద కప్పించింది, నలభై చెంచాల నీళ్ళూ పోయించింది. ముప్పై రెండేళ్ళ ట్రాక్టరు డ్రైవరు మెడలోంచి నీళ్ళు కారుతుంటే కళ్ళు మూసుకుని బుద్ధిగా కూచున్నాడు. ఆఖరి చెంచా అయ్యాక ఊల్కాన్ ఆపా మేకుని ఒకసారి తడిమి, "అమ్మయ్య," అంది. ఆ ఒక్క మాటే. ఆ రాత్రి చాలా ఏళ్ళ తర్వాత ఆవిడ పొద్దెక్కేదాకా నిద్రపోయిందని ఎర్నిస్ వాళ్ళమ్మ మర్నాడు చెప్పింది.

మర్నాడు బయల్దేరుతుంటే ఊల్కాన్ ఆపా కొత్త రొట్టె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. ఇల్లు వదిలేవాళ్ళకి రొట్టె పెట్టడం ఆవిడ ధర్మం, కాదనడానికి ఎవరికీ నోరు రాదు. జూరా మొగుడి వంక చూసింది. ఆయన ఆ రొట్టె వంకే చూస్తున్నాడు, చెయ్యి కాలినవాడు పొయ్యి వంక చూసినట్టు.

"గడువు నేను చెబుతాను," అన్నాడు. "నువ్వు చెబితే గల్లంతే. జూలై నెల. గొర్రెల్ని పైమేతకి తోలాక. ఇద్దరం వస్తాం ఆపా." అని ముందు తనే కొరికాడు. ఆ గాటు పక్కనే జూరా కొరికింది. ఈసారి లారీ హారన్ కొట్టడం లేదు, నిదానంగా నమిలింది.

బస్సు తిన్నగా పోతోంది. లోపల కూచుని అది చూడటం జూరాకి ఇదే మొదటిసారి. విచిత్రమేమిటంటే ఆయనకే తిన్నగా నడపడం రావడం లేదు. తోక్మోక్‌లో బయల్దేరింది మొదలు కుడికి లాగీ లాగీ చేతులకి అదే అలవాటైపోయింది. రెండు నిమిషాలకోసారి బస్సు కుడివైపు మంచుగోడని రాసుకోబోతుంటే ఉలిక్కిపడి వెనక్కి తెస్తున్నాడు.

"మూడేళ్ళుగా తెలుసు నీకు," అంది జూరా. "ఒక్క మాట చెప్పుంటే సరిపోయేది."

"చెబితే నువ్వు వెతుక్కుంటూ పోతావు. రొట్టె తింటావు. తిని, అక్కడే ఉండిపోతే? నాకేం తెలుసు అది ముసలావిడ రొట్టె అని. ఆ ఇంట్లో ఎవడో ఉంటాడనుకున్నాను. నువ్వు ఎప్పుడైనా కిటికీలోంచి కొండల వంక చూస్తే స్టీరింగ్ ఇంకా బిగించేవాణ్ణి. నేను గట్టిగా పట్టుకున్నంతకాలం పోవు కదా అనుకున్నాను."

ఆ భుజాలకి జూరా వెయ్యిసార్లు కొవ్వు రాసింది. ఆయన ఇన్నాళ్ళూ పట్టుకున్నది తననేనని తెలియక, ఇంకెవరినో దాస్తున్నాడని కోపంతో, కొన్నిసార్లు కావాలనే గట్టిగా నొక్కింది.

"నీ సంచీ కూడా చూశాను," అన్నాడు ఆయన, కళ్ళు రోడ్డు మీదే పెట్టి. "మంచం కింద. పదిహేను రోజుల ప్రయాణానికి, ఫిబ్రవరిలో, వేసవి గౌన్లు నాలుగు సర్దావు. బెగాయిం దగ్గర రొట్టె కొరకలేదు, పెదాలు ఆనించావు. అదీ చూశాను. అయినా బయల్దేరాను. నువ్వడిగిన చోటికి తీసుకుపోకపోతే ఇంకెందుకు ఈ బస్సు?"

"అంతా చూశావన్నమాట."

"డ్రైవర్ని. అద్దంలో వెనక ఉన్నవన్నీ కనిపిస్తాయి."

చీలిక వచ్చింది. నారింజ కోటువాడు దూరం నుంచే చెయ్యి ఊపి, దారి తీశారని పారతో ముందుకి చూపించాడు. తిన్నగా పోతే అలాబెల్, జలాలాబాద్, అక్కయ్య ఇంటి ఖాళీ గది. కుడికి తిరిగితే సొరంగం, సొస్నోవ్కా, తోక్మోక్.

"మాటంటే మాటే. నిన్ను మీ అక్కయ్య గుమ్మంలో దింపుతాను," అన్నాడు షెర్గాజీ. "ఆ తర్వాత ఉంటావో, వస్తావో నీ ఇష్టం. నేను లాగను." అని వేగం పెంచి, తిన్నగా పోవడానికి స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నాడు.

గట్టిగా పట్టుకోవడమే ఆయన చేసిన పొరపాటు. గట్టిగా పట్టుకున్న చేతులకి ఒక్కటే పని తెలుసు. బస్సు నెమ్మదిగా, ఏ రొట్టే లాగకుండానే, కుడికి ఒరిగింది. నారింజ కోటువాడు పార ఎత్తుకుని పక్కకి తప్పుకున్నాడు. ముందు చక్రాలు ఇంటిదారి ఎక్కేశాయి.

"అరెరె," అన్నాడు షెర్గాజీ. చెవులదాకా ఎర్రబడ్డాడు. "కావాలని కాదు, ఒట్టు. చేతులు అలవాటుపడిపోయి... ఉండు, వెనక్కి తీస్తాను."

బ్రేకు వేసి గేరు మీద చెయ్యి వేశాడు. జూరా ఆ చెయ్యి మీద తన చెయ్యి వేసింది.

"వద్దు. అలాగే పోనీ."

"మరి నీ మోకాళ్ళు?"

"బెగాయిం ఇంట్లో నీళ్ళు కాచుకుంటా. నేను కొరకని రొట్టె ఒకటి అక్కడ మేకుకి వేలాడుతోంది, ఎండిపోకముందే పోదాం."

షెర్గాజీ కాసేపు ఆ చెయ్యి కింద తన చెయ్యి అలాగే ఉంచాడు. తర్వాత గేరు మార్చాడు. కనుమ మొదటి మలుపు ఎక్కుతుంటే ఈల వెయ్యడం మొదలెట్టాడు. ఆ ఈల జూరా బస్సులో ఉండగా వినడం అదే మొదలు. శ్రుతి బొత్తిగా లేదు. ఆవిడ లేచి వెనక్కి వెళ్ళి, మంచం కింద సంచీ లాగి, వేసవి గౌన్లు తీసి బీరువాలో పెట్టి, పొయ్యి మీద కొవ్వు గిన్నె ఎక్కించింది.